మిగిలిపోయిన ఉర్దూ పేపరు

కడప
8 డిసెంబర్ 2024

జైనాబీ అత్తకు సల్మా సలాములు.

పోయిన వారం ఊరికి పోయి వచ్చాను. అందరూ బాగున్నారు. జేజినాయన మోకాళ్ల నొప్పులని కసురుకుంటున్నాడు గానీ మసీదు దాకా నడిచే పోతున్నాడు.

అసలు సంగతి చెబుతాను. మా హిస్టరీ మేడం ఒక ప్రాజెక్టు ఇచ్చింది. మనకంటే ముందు మన ఇంట్లో కాలేజీకి పోయినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల చదువు సంగతులు వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలి. తర్వాత మన చదువుతో పోల్చి రాయాలి. పుస్తకాల్లోకి ఎక్కని చరిత్ర అట్లా దొరుకుతుందట. క్లాసులో సగం మందికి ఇంట్లో అట్లాంటివాళ్లే లేరు, వీధిలో వెతుక్కుంటున్నారు. నాకు నువ్వున్నావు.

నాన్నను అడిగితే, "మీ అత్త ఫెయిలై మద్దెలో మానేసింది. దాంట్లో రాసేదానికి ఏముంది?" అన్నాడు. ఫెయిలైనవాళ్లది కూడా చరిత్రేనని మా మేడం చెప్పింది. కాబట్టి నువ్వు మొహమాటపడొద్దు.

కాలేజీకి ఎట్లా పోయేదానివి, హాస్టల్లో ఏం తినేవాళ్లు, సార్లు ఎట్లా ఉండేవాళ్లు, ఎందుకు మానేశావు, ఇవన్నీ వాయిస్ మెసేజీలుగా పెట్టు. తీరికగా విని రాసుకుంటాను.

నీ మేనకోడలు,
సల్మా


తబూక్
20 డిసెంబర్ 2024, శుక్రవారం

సల్మాకు,

వాయిస్ పెట్టను. పోయిన ఏడు మా వెనక వీధిలో పనిచేసే మన జిల్లా మనిషి ఒకామె ఇంటి బాధలు చెప్పుకుంటూ చెల్లెలికి వాయిస్ పెట్టింది. చెల్లెలు దాన్ని ఊరి గ్రూపులో వేసింది. అది తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చి ఆమెను పనిలో పెట్టుకున్న యజమాని, అదే కఫీల్, వాళ్ల డ్రైవరు ఫోన్లో పడింది. ఆమె పని పోయింది. అందుకని కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అట్లనే అడుగు. శుక్రవారం మధ్యాహ్నం నాకు తీరిక ఉంటుంది.

ఇక్కడ చలి ముదిరింది. సౌదీ అంటే ఎండ అనుకుంటారు గానీ, తబూక్‌లో ఈ నెలలో పొద్దున పూట నల్లా తిప్పాలంటే చెయ్యి రాదు. నేను చూసుకునే పెద్దావిడ, అంటే మా కఫీల్ తల్లి, హీటరు ముందు నుంచి లేవదు. వంట చేసే హమీదున్నీసా హైదరాబాదు మనిషి. చలికి ఆమె నోరు కూడా తగ్గింది.

నీ ప్రశ్నలకు జవాబులు. మొదటి ఏడు ఊరి నుంచి బస్సు పాసు మీద పోయాను. తర్వాత రెండేళ్లు హాస్టలు. పొద్దున ఉప్మా, రెండు పూటలా అన్నం, నీళ్లపప్పు. ఆదివారం గుడ్డు. పరుపులు మాత్రం మెత్తగా ఉండేవి. వాటిని మా నాయన, మీ జేజినాయనే కుట్టాడు. హాస్టలు మొత్తానికి ఆయనకే పని ఇచ్చారు. లైబ్రరీలో ఆడపిల్లలకు ఒకటే బల్ల. ముందు పోయినవాళ్లకు కుర్చీ. నేను ముందు పోయేదాన్ని.

మానేశానని మీ నాన్న చెప్పాడు. మానలేదు. మూడేళ్లూ చదివాను. అన్ని పేపర్లూ పాసయ్యాను, సెకండ్ లాంగ్వేజి ఒక్కటి తప్ప. అది పోయింది కాబట్టి డిగ్రీ చేతికి రాలేదు. తర్వాత పెళ్లయింది. మీ మామ పోయాక ఇక్కడికి వచ్చాను. అంతే.

మీ క్లాసుల మధ్య తీరిక దొరికితే మీరేం చేస్తారు? అది కూడా రాయి. పోల్చాలంటే రెండు వైపులా ఉండాలి కదా.

అత్త


కడప
19 జనవరి 2025

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంత బాగా రాసేదానివి తెలుగులో ఎట్లా ఫెయిలయ్యావని నాకు నవ్వొచ్చింది. మా హాస్టలు నడిపే జయ మేడంకు చూపించాను. ఆమె నీ చేతిరాత చూసి, "నువ్వు జైనాబీ మేనకోడలివా?" అనింది. మీరిద్దరూ ఒకే గదిలో ఉన్నారంట కదా. నువ్వు హిందీ పాటలకు అర్థాలు చెబుతుంటే గదిలో అందరూ రాసుకునేవాళ్లని, అవన్నీ నువ్వు అల్లినవేనని తర్వాత తెలిసిందని ఇప్పటికీ నవ్వుతోంది. నీ సెకండ్ లాంగ్వేజి తెలుగు కాదు, ఉర్దూ అని ఆమే చెప్పింది.

నాకు అర్థం కాలేదు. మనింట్లో ఉర్దూ ఎవరికి వచ్చు? ఊరికి పోయి జేజినాయనను అడిగాను. "ఆ కాలేజీ క్లర్కు పేరు చూసి ఉర్దూ ఏసేసినాడు. అట్ల పాయ నా బిడ్డ సదువు" అన్నాడు. బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు.

నాకు చాలా కోపం వచ్చింది. నా సంగతీ అంతే. నేను కంప్యూటర్స్ అనుకుంటే నెట్ సెంటరువాడు ఆప్షన్లలో హిస్టరీ నొక్కాడు. నీకు క్లర్కు, నాకు నెట్ సెంటరు. పాతికేళ్లలో మారింది అదొక్కటే. ఇదంతా రాసి క్లాసులో చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. కాలేజీ పత్రికకు పంపుదామని మేడం అనింది.

ఇంకా పెద్ద సంగతి. పాత బ్యాచిల వాళ్లు మిగిలిపోయిన పేపర్లు రాసుకోవడానికి యూనివర్సిటీ ఒక్కసారికి అవకాశం ఇచ్చింది. మే నెలలో పరీక్షలు. కాలేజీ తప్పు వల్ల భాష మారిందని అర్జీ పెడితే, నీకు ఉర్దూ బదులు తెలుగు ఇస్తారేమో చూద్దామని మా మేడం చెప్పింది. తెలుగయితే నువ్వు కళ్లు మూసుకుని రాస్తావు. నీ తరఫున అర్జీ నేనే రాసేశాను. అప్పుడు నిన్ను చేర్పించింది ఆయనే కాబట్టి జేజినాయన చేత సంతకం పెట్టిస్తే చాలు.

జయ మేడం ఇంకో మాట చెప్పమంది. ఆగస్టు నుంచి ఆమెకు వార్డెన్ కావాలి. డిగ్రీ ఉన్న మనిషే కావాలట, తల్లిదండ్రులు అడుగుతారట. నీ చేతికి డిగ్రీ వస్తే ఆ పని నీదే. ఉండను గది కూడా ఇస్తుంది. నువ్వు ఇంక సౌదీలో ఉండే పని లేదు.

క్లాసుల మధ్య మేము ఫోన్లు చూస్తాము. అంతే.

సల్మా


తబూక్
24 జనవరి 2025

సల్మాకు,

నన్ను అడగకుండా నా పేరు మీద అర్జీ రాయడానికి నీకు ఎవరు చెప్పారు? అది చించెయ్. నాయన సంతకం అడగొద్దు. పత్రికకు ఏమీ పంపొద్దు.

జయకు నేను ఫోను చేస్తాను.

అత్త


కడప
2 ఫిబ్రవరి 2025

అత్తా,

అర్జీ చించలేదు, పంపలేదు. నీ ఉత్తరం రాకముందే జేజినాయన దగ్గరికి తీసుకుపోయి ఉన్నాను. ఆయన చేతిలోకి తీసుకుని, చాలాసేపు చూసి, కండ్లు ఆనడంలేదన్నాడు. నేను చదివి వినిపించాను. సంతకం పెట్టమంటే పెన్ను పారడంలేదన్నాడు. వేరే పెన్ను ఇచ్చాను. మసీదుకు పొద్దుపోతోందని లేచిపోయాడు. అప్పటికి ఇంకా నమాజుకు పిలిచే బాంగు కూడా కాలేదు.

నాకు ఒకటే అనిపిస్తోంది. నువ్వు ఇక్కడికి వచ్చి ఉండటం నీకూ ఇష్టం లేదు, ఇంట్లోవాళ్లకూ ఇష్టం లేదు. అక్కడే అలవాటయి ఉంటావు. ఆ మాట నేరుగా చెప్పి ఉంటే నేను ఇంత తిరిగేదాన్ని కాదు. ఫీజు కట్టడానికి ఈ నెలాఖరు దాకే గడువు. జయ మేడం రోజూ అడుగుతోంది. ఏం చెప్పమంటావు?

తప్పు చేసినవాళ్లను తప్పు చేశారనడానికి నీకు భయమెందుకో నాకు తెలియడంలేదు.

సల్మా


తబూక్
7 ఫిబ్రవరి 2025, శుక్రవారం

సల్మాకు,

నాకు రావడం ఇష్టం లేదని రాశావు. పన్నెండేళ్లు ఒకరి తల్లికి నీళ్లు పోసి, దుప్పట్లు మార్చి బతికాను. అది తక్కువ పని కాదు. అయినా మన దగ్గర నాకొక గది, నాకొక పని ఉండాలని నాకు మాత్రం లేదా? జయ ఇచ్చే పని నాకు కావాలి. దానికి డిగ్రీ కావాలి. పరీక్ష రాస్తాను. నీ అర్జీ ఒక్కటే వద్దు.

ఎందుకు వద్దో చెబుతాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

నాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడని నీకు తెలుసు. కడపలో సాయిబుల ఇళ్లకు పోతే వాళ్లు ఉర్దూలో మాట్లాడేవాళ్లు. నాయన తెలుగులో జవాబు చెప్పేవాడు. దూదేకులోళ్లకు తెలుగే కదా. ఒక ఇంటి పెద్దమనిషి పేరు అడిగి, "పీరయ్యనా? పీర్ మావోడే. ఈ అయ్య ఎవరప్పా?" అన్నాడట. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నాయన కూడా నవ్వి, పరుపు కుట్టి ఇచ్చి వచ్చాడు. ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

అడ్మిషన్ రోజు నాయన, నేను బస్సులో పోయాము. క్లర్కు పెద్ద వయసు మనిషి. నా కాగితాలు చూసి, "ఇంటరు దాకా తెలుగే కదమ్మా, తెలుగే ఏద్దామా?" అని నన్నే అడిగాడు. నాయన ముందుకొచ్చాడు.

"ఉర్దూ ఎయ్యండి సార్. మేమూ సాయిబులమే."

"పాపకు సదవను వస్తాదా?"

"నేర్చుకుంటాది. నా బిడ్డకు రానిదేముంది?"

క్లర్కు మళ్లీ నావైపు చూశాడు. నేను నాయన వైపు చూశాను. పండక్కి పెట్టుకునే టోపీ పెట్టుకుని వచ్చాడు. ఒక ఆఫీసులో నిలబడి ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు. సరే వెయ్యండి అన్నాను.

క్లాసులో మిగతా పిల్లలకు అది ఇంటి భాష. నాకు అక్షరాలు కూడా రావు. నాకు తెలుగు బీ అని పేరు పెట్టారు. ఆ అక్షరాలు నేర్పే అరబ్బీ హజరత్తు మన ఊళ్లో లేడని సారుకు చెబితే, ఇప్పుడైనా తెలుగుకు మారమని సలహా ఇచ్చాడు. నాయనను అడిగాను. అప్పటికి ఆయన పరుపులు కుట్టే ఇళ్లన్నిటిలోనూ తన బిడ్డ కాలేజీలో ఉర్దూ చదువుతోందని చెప్పుకున్నాడు. ఇంకొన్ని దినాలు చూడమన్నాడు. చూశాను. పరీక్షలో ప్రశ్నపత్రంలో ఉన్నదాన్నే బొమ్మలు దించినట్టు దించి వచ్చాను. రాసినప్పుడల్లా అంతే.

చివరికి డిగ్రీ రాలేదని తేలాక ఊళ్లో అడిగినవాళ్లకు క్లర్కు తప్పు వేశాడని నాయన చెప్పాడు. నేను లోపల అన్నం వండుతూ విన్నాను. అదే మాట నిలబడిపోయింది. ఇప్పుడు నీ అర్జీలో ఆ ముసలాయన మీద తప్పు రాసి, నాయన చేత సంతకం పెట్టించాలని చూశావు. ఆయన నోటిమాటగా ఏమైనా అంటాడు గానీ కాగితం మీద సంతకం పెట్టి అబద్ధం చెప్పడు. పెన్ను పారకపోవడానికి కారణం అది.

నాకు ఆయన మీద కోపం లేదు. అప్పుడు ఉండింది.

ఇంకొకటి అడుగుతాను. నెట్ సెంటరువాడు హిస్టరీ నొక్కాడన్నావు. ఆ రోజు అక్కడ మీ నాన్న పక్కన లేడా?

ఇక పరీక్ష సంగతి. ఏ పేపరు తప్పానో ఆ పేపరే రాస్తాను. ఇక్కడ పెద్దావిడ మందుల మీద పేర్లు చదవలేక ఇబ్బంది అయితే అరబ్బీ అక్షరాలు మొదటి ఏడే నేర్చుకున్నాను. ఉర్దూకూ దాదాపు అవే అక్షరాలు. మాటలు హమీదున్నీసాతో పోట్లాడి పోట్లాడి వచ్చాయి. ఆమె పది దాకా ఉర్దూ మీడియం. సంగతి చెబితే, "ఇన్నేళ్లు నాతో ఉండి ఇప్పుడు చెబుతావా?" అని గదమాయించింది. పెద్దావిడ నిద్రపోయే వేళ ఇద్దరం కూర్చుంటున్నాము. సిలబస్ ఫోటోలు పంపు. ఫీజు కట్టు.

అత్త


కడప
9 మార్చి 2025

అత్తా,

ఫీజు కట్టాను. రసీదు, పాఠాల ఫోటోలు పంపాను. ఉపవాసాల్లో చదువు సాగుతోందా?

నాన్న పక్కనే ఉన్నాడు. హిస్టరీ అయితే టీచరు కావచ్చని చెప్పి నొక్కించింది నాన్నే. నేను ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక అందరితో సెంటరువాడి తప్పని నేనే చెప్పాను. ఎందుకు అట్లా చెప్పానో నీ ఉత్తరం చదివేదాకా ఆలోచించలేదు.

క్లాసులో లేచి, నేను చదివినదాంట్లో తప్పు ఉందని చెప్పాను. క్లర్కు తప్పేమీ లేదని చెప్పాను. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. మేడం మాత్రం, ఒక సంగతిని నాన్న ఒకలా, జేజినాయన ఒకలా, నువ్వు ఒకలా చెప్పారు కాబట్టి మూడూ పక్కపక్కన పెట్టి మళ్లీ రాయమంది. జేజినాయన పేరు రాయాలా వద్దా? నువ్వు చెప్పినట్టే చేస్తాను.

నువ్వు ఉర్దూలోనే రాస్తున్నావని జేజినాయనకు చెప్పాను. బీడీ ఆర్పి, పరీక్ష ఎప్పుడని అడిగాడు. రెండు రోజులకు ఒకసారి అడుగుతూనే ఉన్నాడు.

మీ కఫీల్ సెలవు ఇస్తాడా? నాకు అదొక్కటే భయం.

సల్మా


తబూక్
30 మే 2025, శుక్రవారం

సల్మాకు,

క్షేమంగా చేరాను. పెద్దావిడ నన్ను చూసి మొహం తిప్పుకుంది. సాయంత్రానికి తలకు నూనె పెట్టమని తనే పిలిచింది. హమీదున్నీసా వంటతో పాటు నా పని కూడా చేస్తానని ఒప్పుకోబట్టి కఫీల్ ఇంటికి పోయి తిరిగి వచ్చేదానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా ఇచ్చాడు. ఆమెకు తెచ్చిన మామిడికాయ ఊరగాయ అప్పుడే సగమయింది.

నీకు పరీక్షలు ఉండి నాతో సెంటరుకు రాలేకపోయావు కాబట్టి ఇది రాస్తున్నాను. నాయన పేరు సంగతి కూర్చుని మాట్లాడుకున్నాం కదా. ఇంట్లోవాళ్లు అడిగి ఉర్దూ వేయించారని నువ్వు రాసిన మాట చాలు. అది నిజం.

సెంటరు వేరే ఊళ్లో పడింది కదా. వద్దన్నా నాయన నాతో బస్సెక్కాడు. గేటు దగ్గర ఒక కుర్ర లెక్చరరు, "పిల్లల్ని దింపనీకి వచ్చినోళ్లు బయటే ఉండాలమ్మా" అన్నాడు. హాల్ టికెట్ చూపించాను. పాపం, నాకు దారి ఇవ్వడానికి పక్కకు దూకాడు. లోపల అందరూ మా వయసువాళ్లే. నా ముందు బెంచీలో బట్టతల మనిషి ఒకడు ఇంగ్లీషు పేపరుకు వచ్చాడు. "అక్కా, కండ్లద్దాలు మరిచిపోయినా. నీవి ఒక గడియ ఇస్తావా?" అని అడిగాడు. నాకే కావాలన్నాను.

ప్రశ్నపత్రం చేతికి రాగానే మొదటి వరుస చదివాను. అది నోట్లోకి దానంతటదే వచ్చింది. తర్వాత తలెత్తలేదు. చివర్లో ఉత్తరం రాయమని ఒక ప్రశ్న ఉంది. కాలేజీ గురించి తండ్రికి రాయాలి. అది కూడా రాశాను.

బయటికి వచ్చేసరికి నాయన ప్రహరీ నీడలో కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం ఏమీ తినలేదు.

"సదవను వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది నాయనా."

"ఏం అడిగిరి?"

"నాయనకు ఉత్తరం రాయమన్నారు."

"ఏం రాస్తివి?"

"ఫీజు కట్టమని రాసినా."

నవ్వాడు. ఇద్దరం మజ్జిగ తాగి బస్సెక్కాము. నేను నిజంగా ఏం రాశానో ఆయన అడగలేదు. నువ్వూ అడగొద్దు.

పాసవుతాను. ఆ మాట జయకు ఇప్పుడే చెప్పు.

అత్త


కడప
13 జూలై 2025

అత్తా,

నిన్న ఫోన్లో చెప్పినప్పుడు నువ్వు సరే అని పెట్టేశావు. సరిగా విన్నావో లేదోనని మళ్లీ రాస్తున్నాను. పాసయ్యావు. మార్కుల షీటు ఫోటో దీంతో పాటు పంపాను. జయ మేడం వార్డెన్ గదికి సున్నం వేయిస్తోంది.

రిజల్టు తెలియగానే ఊరికి పోయాను. జేజినాయన రెండుసార్లు చెప్పించుకుని, చొక్కా వేసుకుని బయటికి పోయాడు. ఎంతకూ రాకపోతే వెతుక్కుంటూ పోయాను. మసీదు దగ్గర టీ అంగడిలో ఉన్నాడు. "నా బిడ్డ ఉర్దూ పాసయింది" అని వచ్చినవాళ్లకు వచ్చినట్టు చెబుతున్నాడు. టీ అంగడి ఆయన ఏం ఉర్దూ అంటే, "నేనే ఏపిచ్చినా, కాలేజీలో. క్లర్కు వద్దంటాంటే" అన్నాడు. అక్కడ నేనున్నానని ఆయనకు తెలుసు.

ఇంటికి వస్తూ, "ఉర్దూ కాదు జేజినాయనా, అత్త డిగ్రీ పాసయింది. అది చెప్పు" అన్నాను.

"డిగ్రీ అందరూ పాసయితారు లేమ్మే" అన్నాడు.

సల్మా


తబూక్
18 జూలై 2025, శుక్రవారం

సల్మాకు,

సరిగానే విన్నాను. అప్పుడు పెద్దావిడ మంచం దగ్గర ఉన్నాను. ఆమె నిద్రపోయాక హమీదున్నీసాకు చెప్పాను. పాసు చేయించింది తనేనని వీధిలో అందరికీ చెబుతోంది. నాయనకూ ఆమెకూ ఒకసారి మాట్లాడిస్తే ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకుంటారు.

ఇంక తిరిగి రాకుండా పోయే ఫైనల్ ఎగ్జిట్ కావాలని కఫీల్‌కు చెప్పాను. నా చోటికి మనిషి వచ్చేదాకా ఆగమన్నాడు. ఆగుతానన్నాను. ఆమెకు వీసా వచ్చింది, ఈ నెలాఖరుకు దిగుతుంది. పెద్దావిడకు ఏ పక్క పడుకోబెడితే నొప్పి ఉండదో చూపించి బయలుదేరుతాను.

నువ్వు ఇంక ముందు హిస్టరీయే చదువుతావా, మారతావా? ఏది చేసినా మీ నాన్నకు నువ్వే చెప్పు. నెట్ సెంటరువాణ్ని మధ్యలోకి లాగకు.

జయకు ఒక మాట చెప్పు. అడ్మిషన్లు మొదలయ్యేలోపల వచ్చేస్తాను. ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని, వాళ్ల బదులు తామే జవాబు చెప్పే నాయనలు వస్తారు కదా. వాళ్లను ఆఫీసు గదిలోకి పంపకుండా ముందు నా దగ్గర కూర్చోబెట్టమని చెప్పు. మాట్లాడేది నేను.

అత్త